రాగిరేకు మీద ఆగిన పోటు

ఇద్దరు మగవాళ్లు. ఒంటి మీద బట్టలు లేవన్నట్టే. ఒకడు కుడికాలు బారుగా ముందుకు వేసి, మోకాలు వంచి, చెయ్యి చాచాడు. ఆ చేతిలో ఉన్న కత్తి ఎదుటివాడి ముఖంలో దిగింది. పొడిచినవాడిలో కోపం కనిపించదు. పోటు తిన్నవాడు కూడా గావుకేక పెడుతున్నట్టు ఉండడు, లెక్క ఎక్కడో తప్పిందని అప్పుడే తెలిసినవాడిలా ఉంటాడు. ఒకడి పక్కన సి, రెండోవాడి పక్కన డి అని అక్షరాలు. రేఖాగణితం పుస్తకంలో త్రిభుజం మూలలకి పేర్లు పెడతామే, అచ్చం అలాగే.

పక్కనున్న మాటలు చదివితే కథ తెలుస్తుంది. సి తన కత్తిని డి కత్తి మీదికి లోపలివైపు నుంచి తెచ్చి దాన్ని అదుపులో పెట్టాడు. డి తన కత్తిమొనను సి చేతి కిందుగా తప్పించి అవతలివైపు నుంచి పొడవబోయాడు. ఆ తప్పించే క్షణంలోనే సి పొడిచాడు. బొమ్మ చెప్పింది ఇంతే. కానీ రచయిత అక్కడ ఆగడు. డి గనక తెలివైనవాడై ఉంటే, అని మళ్లీ మొదలుపెడతాడు. అప్పుడు డి ఒళ్లు కాస్త వెనక్కి పట్టుకుని, కత్తి తప్పించడాన్ని ఊరికే ఎరగా వేసేవాడు. సి ధీమాగా మీదికి వచ్చేవాడు. వచ్చిన కత్తిని డి పక్కకి నెట్టి, సి ముఖం మీద నరికేవాడు. బొమ్మలో చచ్చినవాడు పేరాలో బతికాడు. చంపినవాడు అదే పేరాలో దెబ్బ తిన్నాడు.

నేను చూసిన పాత కత్తిసాము పుస్తకాల్లో ఇంతకంటే గడుసైన పనితనం లేదు. చాలామంది ఈ పుస్తకాన్ని బొమ్మల కోసం చూస్తారు. నిజంగానే బొమ్మలు అంత బాగుంటాయి. కానీ మెచ్చుకోవాల్సింది బొమ్మకీ మాటకీ మధ్య జరిగిన పని పంపకాన్ని. బొమ్మ ఒక్క క్షణాన్ని మేకు కొట్టి బిగిస్తుంది, మాట ఆ మేకు పీకుతుంది.

పుస్తకం పేరు ‘గ్రాన్ సిములాక్రో’. 1610లో ఇటలీలోని సియెనా నగరంలో అచ్చయింది. రాసినాయన రిడోల్ఫో కాపో ఫెర్రో, కాగ్లీ ఊరివాడు. సియెనాలో ఉండే జర్మన్ విద్యార్థి సంఘానికి కత్తిసాము గురువు. ఇంటిపేరుకి ఇనుపతల అని అర్థం తీసుకోవచ్చు. ఈ వృత్తిలో ఉన్నవాడికి ఇంతకంటే నప్పే ఇంటిపేరు దొరకదు. బొమ్మలు వేసినవాడు రఫాయెల్లో స్కియామినోస్సి, బోర్గో సాన్‌సెపోల్క్రో అనే చిన్న ఊరి చిత్రకారుడు. ఆయనకి వందేళ్ల పైచిలుకు ముందు, చదును గోడ మీద లోతు ఎలా చూపాలో లెక్కలు కట్టి పుస్తకం రాసిన పియెరో డెల్లా ఫ్రాన్సెస్కాది కూడా ఆ ఊరే.

కత్తి గురించి రెండు ముక్కలు. దీన్ని రేపియర్ అంటారు. యుద్ధానికి కాదు, ఊళ్లో తిరగడానికి. మామూలు బట్టల మీద నడుముకి వేలాడేసుకుని, అవమానం జరిగితే దూసే కత్తి. సన్నగా, పొడవుగా ఉంటుంది. అలుగే మీటరుకి పైన. పిడి చుట్టూ వేళ్లని కాపాడే ఇనుప తీగల అల్లిక. సినిమాల్లో హీరో గిరగిరా తిప్పే పుల్లలాంటిది కాదు, కిలోకి అటూఇటూ బరువు, తరచు ఇంకా ఎక్కువే. చెయ్యి చాచి రెండు నిమిషాలు పట్టుకుంటే భుజం అడుగుతుంది, ఇంకెంతసేపని. నరకడం కూడా తెలిసిన కత్తే గానీ దాని ప్రాణమంతా మొనలో ఉంది.

కాపో ఫెర్రో పుస్తకంలో నలభైకి పైగా బొమ్మలున్నాయి. నేను ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం ఎవరూ ఎవరినీ పొడవని బొమ్మ దగ్గర. ఆయన పద్ధతిలో నిలబడడం ఎలాగో, అక్కడి నుంచి పొడుగు పోటు వేస్తే ఒళ్లు ఎంత పెరుగుతుందో చూపే బొమ్మ అది. ఒళ్లు పెరగడం అన్నది ఆయన మాటే. మనిషి కాళ్ల మీదా చేతుల మీదా భుజాల మీదా అక్షరాలు. పోటుకి ముందు ఒంటి భాగాలు ఎక్కడున్నాయో కొన్ని చెబుతాయి, పోటులో ఎక్కడికి చేరాయో మరికొన్ని చెబుతాయి. ఎడమ భుజం, వంగిన ఎడమ మోకాలు, ఎడమ పాదం ఆనిన చోటు, మామూలు అంగ, పొడుగు అంగ, చాచిన కుడిచెయ్యి, వెనక్కి విసిరిన ఎడమచెయ్యి. కదిలే మనిషిని కదలని కాగితం మీద పెట్టడానికి ఈ రోజుల్లో మనం బాణం గుర్తులు గీస్తాం. ఆయన బాణాలు గీయలేదు. కదలికకి మొదలూ చివరా అక్షరాలతో కట్టి, మధ్య దూరాన్ని చదివేవాడి ఒంటికి వదిలేశాడు.

ఆ అక్షరాల పట్టికలో ఒకచోట, వెనకనున్న ఎడమ పాదం దాని తిరుగుడుతో సహా అన్నట్టు ఒక చిన్న మాట తగిలిస్తాడు. అంటే పోటు వేసేటప్పుడు వెనక పాదం నేలకి అతుక్కుని ఉండదు, తిరుగుతుంది. ఇవాళ ఒలింపిక్స్‌లో ఆడే ఫెన్సింగ్ నేర్చినవాళ్లు వెనక పాదాన్ని నేల మీద చదునుగా ఆనించి ఉంచాలని నేర్చుకుంటారు. వాళ్లు ఈ బొమ్మని చూస్తే ఆ మాటని దాటేసే అవకాశం ఉంది. పాదం తిప్పి చూస్తే తుంటి ఇంకాస్త తెరుచుకుంటుంది, మొన ఇంకొన్ని అంగుళాలు ముందుకి వెళుతుంది. ఈ ఆటలో మనిషి చావుకీ బతుక్కీ మధ్య ఉండేది ఆ కొన్ని అంగుళాలే.

కత్తి పొడవు గురించి ఆయన చెప్పిన కొలత కూడా ఇలాంటిదే. కత్తి చెయ్యికి రెండింతలుండాలి, పొడుగు అంగతో సమానంగా ఉండాలి, అరికాలి నుంచి చంక దాకా ఎంతో అంత ఉండాలి. ఈ మూడూ ఒకటే కొలతట. చదివినప్పుడు పండితుల గొప్పలా అనిపించింది. ఒకరోజు టేపూ బూజుకర్రా పట్టుకుని హాల్లో నిలబడ్డాను. చంక నుంచి అరికాలికి 125 సెంటీమీటర్లు వచ్చింది. చెయ్యిని భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి రెండింతలు చేస్తే చాలలేదు. వేళ్ల చివరిదాకా కొలిస్తే మరీ ఎక్కువైంది. పిడికిలి బిగించి, పిడికిలి దాకా కొలిచాను. రెండింతలు చేస్తే ఒక సెంటీమీటరు తేడాతో కలిసింది. కత్తి పట్టినవాడి చెయ్యి పిడికిలి దగ్గరే కదా ఆగుతుంది! ఆయన ఆ ముక్క రాయలేదు. చదివేవాడి చేతిలో కత్తి ఉంటుందని అనుకున్నాడు కాబోలు. మూడో కొలత, అంటే అంత అంగ వెయ్యడం, నా వల్ల కాలేదు. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, ఆ బూజుకర్రతో బూజు కూడా దులిపితే బాగుంటుందని చెప్పి వెళ్లింది.

స్కియామినోస్సి చేతి పనికి మళ్లీ వస్తాను. రాగిరేకు మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. కుడిచేత్తో పొడిచే మనిషి కాగితం మీద కనిపించాలంటే రేకు మీద ఎడమచేతివాటం మనిషిని గీయాలి. అంటే ఆయన తన ముందున్న గురువుని చూస్తూ అద్దంలోని గురువుని చెక్కాడన్నమాట. ఒకటి రెండు కాదు, నలభైకి పైగా బొమ్మలు, చాలావాటిలో ఇద్దరేసి మనుషులు. ఏ కత్తి ఏ కత్తికి పైన ఉంది, లోపలివైపు ఏది, బయటివైపు ఏది అన్నదే ఈ విద్యకి ప్రాణం. అక్కడ ఒక్క గీత పొరపాటున కిందికి వెళ్లాల్సింది పైకి వెళ్తే పాఠం మొత్తం అబద్ధమైపోతుంది. పైగా రాగిరేకు బొమ్మ ఒకరకం యంత్రం మీద, సీసపు అక్షరాలు ఇంకోరకం యంత్రం మీద అచ్చవుతాయి. ఒకే కాగితం మీద రెండూ కావాలంటే ఆ కాగితం రెండుసార్లు నలగాలి. పుస్తకం నిలువుగా కాక అడ్డంగా పొడుగు. అలా ఎందుకు చేశారో బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. వెనక పాదం నుంచి ముందు మొన దాకా ఒక్క గీతలా సాగిన మనిషి నిలువు పేజీలో చీమంత అయిపోతాడు.

బట్టలు విప్పించడం సిగ్గులేనితనమేమీ కాదు. అప్పటి మగవాళ్ల ఉబ్బు నిక్కర్లలో మోకాలు ఎంత వంగిందో ఎవరికి తెలుస్తుంది? బరువు ఏ కాలి మీదుందో తొడ కండరం చెబుతుంది. ముందున్న కాలి కండ వదులుగా, వెనకకాలి కండ బిగువుగా ఉంటే, ఒక్క మాట చదవకుండానే ఒళ్లు వెనక్కి ఆనుకుని ఉందని చూసేవాడికి తెలిసిపోతుంది.

ఇన్ని చేసినా బొమ్మకి చేతకానిది ఒకటుంది: ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పడం. పొడుగు పోటులో చెయ్యి ముందా, కాలు ముందా? బొమ్మలో రెండూ చేరిపోయి ఉంటాయి. కాలు ముందు వేసి చెయ్యి తర్వాత చాచినవాడు ఎదుటివాడి కత్తికి తన ఛాతీని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. దీనికి జవాబు ఇంకో పుస్తకంలో దొరుకుతుంది. నికొలెత్తో జిగాంతి 1606లో వెనిస్‌లో వేసిన పుస్తకం. ముందు చెయ్యి చాచు, తర్వాత ఒళ్లు వెళ్లనీ, అంటాడాయన. అంతకంటే నాకు నచ్చింది వెనక్కి రావడం గురించి ఆయన చెప్పిన పాఠం. ముందు తల వెనక్కి రావాలి, తల వెంట ఒళ్లు, ఒంటి వెంట కాలు. చేసి చూడండి. బారుగా చాచిన కాలిని కండబలంతో లాక్కుంటే తొడ నరాలు పట్టేస్తాయి. తలని వెనక్కి వేస్తే మిగతా ఒళ్లంతా దాని బరువుకి లేచి వస్తుంది. ఎందరో శిష్యులు ఇరుక్కుపోవడం కళ్లారా చూసిన గురువు మాత్రమే రాయగల వాక్యం అది.

ఈ పుస్తకాలన్నిటి కింద రెండు భావాలు పారుతుంటాయి. ఇటాలియన్‌లో మిజూరా, తెంపో అంటారు. మనకి వెతుక్కోనక్కర్లేదు, ఎడం, అదను అని మంచి మాటలున్నాయి. ఎడాన్ని కాపో ఫెర్రో కాళ్లతో కొలుస్తాడు. కుడికాలు ముందుకు వేస్తే తగిలేంత దూరం పెద్ద ఎడం. కాలు కదపకుండా ఒళ్లు వంచితేనే తగిలేది చిన్న ఎడం. అదను అంటే ఎదుటివాడు ఏదో ఒక పని మొదలుపెట్టి, అది పూర్తయ్యేలోపు ఇంకో పని చేయలేని క్షణం. కబడ్డీ ఆడినవాళ్లకి ఇది కొత్త కాదు. పట్టేవాడు కూతకొచ్చినవాడి కాలు గాల్లోకి లేచేదాకా ఆగుతాడు. లేచిన కాలు దిగేలోపు వాడు మనసు మార్చుకోలేడు. మన డి చేసిన తప్పు అదే. కత్తి తప్పించడం ఒక పని. అది చేస్తుండగా అతని దగ్గర అడ్డుకోవడానికి కత్తి లేదు.

మూడోది, కత్తిని గెలుచుకోవడం. కత్తిలో పిడి నుంచి సగందాకా బలం, సగం నుంచి మొనదాకా బలహీనం. తలుపుని కీలు దగ్గర నెట్టి, తర్వాత గడియ దగ్గర నెట్టి చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. నా కత్తి బలమున్న చోటుని నీ కత్తి బలహీనమున్న చోటు మీదికి తెస్తే, నువ్వెంత వస్తాదువైనా నీ మొన నా దారిలోకి రాదు. గట్టిగా నొక్కక్కర్లేదు. నొక్కితే నష్టమే, నువ్వు కిందనుంచి తప్పించుకోగానే నా కత్తి ఖాళీలోకి తూలుతుంది. బొమ్మల్లో ఈ కట్టడి పని జరిగిపోయాక ఫలితమే ఎక్కువ కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లు నెలల తరబడి కష్టపడేది మాత్రం దీని మీదే. కాగితం మీద దొరకనంత చిన్న కదలిక ఇది, మణికట్టులో రెండు వేళ్ల వెడల్పు.

ఎవరు నేర్చుకుంటున్నారు, ఎందుకు పుస్తకం నుంచే నేర్చుకోవాలి? పద్దెనిమిదో శతాబ్దానికి రేపియర్ పోయి పొట్టి, తేలిక కత్తి వచ్చింది. దాన్నుంచే ఇప్పటి ఆట ఫెన్సింగ్ పుట్టింది. పాత విద్య చేతి నుంచి చేతికి రావడం ఆగిపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్‌లో ఎగర్టన్ కాజిల్, ఆల్‌ఫ్రెడ్ హట్టన్ లాంటి కొందరు పాత పుస్తకాలు దుమ్ము దులిపారు. కాజిల్ రాసిన చరిత్ర 1885లో వచ్చింది. ఆ ఉత్సాహం వాళ్లతోనే సన్నగిల్లింది. మళ్లీ ఊపందుకున్నది 1990ల నుంచి, గ్రంథాలయాల అరల్లోని పుస్తకాలు తెరల మీదికి రావడం మొదలయ్యాక. మనవాళ్లకి ఈ దారి తెలియనిది కాదు. జాయపసేనాని నృత్తరత్నావళిని ఒక చేత్తో, రామప్ప గుడి శిల్పాలని ఇంకో చేత్తో పట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. రాయి నుంచి గానీ కాగితం నుంచి గానీ ఒంటిలోకి ఒక కదలిక వచ్చేటప్పుడు పడే తిప్పలు ఒకలాంటివే.

సాధన చేసేవాళ్లు మొండి అలుగు, మొనకి రబ్బరు తొడుగు, ముఖానికి జల్లెడ మాస్కు, గొంతుకి కవచం, మందపాటి జాకెట్ వాడతారు. ఒకరు పుస్తకం చదువుతారు, ఇద్దరు చేస్తారు. ఈ వాక్యంలో కాలు ఎక్కడుందని వాదించుకుంటారు. నిదానంగా చేస్తే సరిపోయింది వేగంగా చేస్తే కూలిపోతుంది. కూలిపోతే తప్పు తమదా, అనువాదానిదా, గురువుదా అని మళ్లీ వాదన. మూడోదానికి ఎవరూ తొందరపడి ఒప్పుకోరు. నాకు మాత్రం గురువుదీ కొంత ఉందనిపిస్తుంది. కాపో ఫెర్రో పుస్తకం మొదట్లో సిద్ధాంతం చెబుతూ, కత్తి పట్టి నిలబడే తీరుల్లో అసలైన నిలకడ మూడోది ఒక్కటే అంటాడు. బొమ్మల దగ్గరికొచ్చేసరికి ఆరు నిలకడలు చూపిస్తాడు. ఉత్తుత్తి పోట్లు మంచివి కావు, వాటివల్ల అదనూ ఎడమూ పోతాయంటాడు. కానీ తెలివైన డి ఏం చేశాడు? కత్తి తప్పించినట్టు నటించాడు. ఉత్తుత్తి పోటే కదా! సిద్ధాంతం రాసిన చెయ్యీ, పాఠం చెప్పిన చెయ్యీ ఒకదాని మాట ఒకటి వినలేదు. పండితుడిగా అది లోపం. పొద్దున్నే కుర్రాళ్లకి సాము చెప్పే మనిషిగా నాకు అదే నమ్మకం కలిగిస్తుంది.

ఆయన సమకాలికుల్లో సాల్వటోర్ ఫాబ్రిస్ అలా దొరకడు. పాదువా మనిషి, డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కొలువులో ఉండి, 1606లో కోపెన్‌హాగెన్‌లో దాదాపు 190 బొమ్మలతో పుస్తకం వేశాడు. కత్తిని రెండు కాదు, నాలుగు భాగాలు చేస్తాడు. ఆయన మనుషులు నడుం దగ్గర ముందుకి వంగి, తల పిడి వెనక దాచుకుని, ఎలుకను చూసిన పిల్లిలా ఉంటారు. చూడ్డానికి వింతగా ఉన్నా, పొడవడానికి మిగిలిన ఒళ్లు ఎంత తక్కువో చూస్తే వింత పోతుంది. ఇక జెరార్ థిబో అనే ఆంట్వర్ప్ మనిషి పుస్తకం పేజీ ఒక రాజభవనం గచ్చంత. నేల మీద వృత్తం, వృత్తంలో గీతలు, ఒక్క బొమ్మలోనే జంటలు జంటలుగా కత్తివీరులు. 1628 అని ముఖపత్రం మీద ఉంది గానీ అది బయటికొచ్చేసరికి ఆయన లేడు. ఆయన లెక్కలో పాదాల దగ్గర మొన ఆనిస్తే పిడి అడ్డుకమ్మీ బొడ్డు దాకా రావాలి. కాపో ఫెర్రోకి చంక, ఈయనకి బొడ్డు. ఇద్దరికీ తమ కొలతే ప్రకృతి నియమం. ఈ పొడుగు కత్తులంటేనే గిట్టని జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషువాడు 1599లోనే ఇటాలియన్ గురువుల్ని కడిగేస్తూ ఒక పుస్తకం రాశాడు. తిట్లు చదవడానికి బాగుంటాయి. థిబో పుస్తకం అందమైనదే, కానీ దాన్ని చూస్తే గచ్చు మీద మరక పడుతుందేమోనన్న భయం వేస్తుంది. కాపో ఫెర్రో దాంట్లో చెమట వాసనుంది.

మొదట చెప్పిన సి, డిల బొమ్మను సాధన చేసే జంట ముందుగా బొమ్మలో ఉన్నట్టు నిలబడుతుంది. మొన మాస్కు మీద ఆని ఉంటుంది. తర్వాత సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు ఒక్కో అడుగే వెనక్కి వెళుతుంది. మొన మాస్కుని వదులుతుంది, కాలు వెనక్కి వస్తుంది, తప్పించిన కత్తి మళ్లీ కిందుగా తన చోటికి వస్తుంది, రెండు కత్తులూ ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఆగుతాయి. బొమ్మ ఎక్కడ మొదలైందో అప్పుడు దొరుకుతుంది. అక్కడి నుంచి ముందుకి, నిదానంగా, నాలుగైదుసార్లు. ప్రతిసారీ డి పోటు తింటాడు. తర్వాత ఒకరు పుస్తకం తీసి కింద పేరా పైకి చదువుతారు. డి ఒళ్లు కాస్త వెనక్కి పట్టుకుంటాడు.